అడిగిన రోజు రాసిపెట్టుకోండి



మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు వైపు ఒకసారి చూడండి. పాలు రాని రోజు చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. గ్యాసు బండ మార్చిన రోజు దగ్గర ఏదో గుర్తు ఉంటుంది. చీటీ డబ్బు కట్టిన రోజు పక్కన ఒక గీత ఉంటుంది. నెలాఖరుకు పాలవాడు వచ్చి 30 రోజుల లెక్క చెబుతాడు. ఇల్లాలు వాదనకు దిగదు. క్యాలెండరు చూపిస్తుంది. "మూడో తారీఖు, పదకొండు, పంతొమ్మిది. ఈ మూడు రోజులూ నువ్వు రాలేదు" అంటుంది. పాలవాడు తగ్గించి తీసుకుని వెళ్ళిపోతాడు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ క్యాలెండరులోనే ఉంది. పని చేసే చోట తనకు వివక్ష జరిగిందని ఒకరు నోరు విప్పి అడిగారు. అడిగినందుకు వాళ్ళను సతాయించడం మొదలైంది. అలాంటప్పుడు చట్టం ఏమంటుంది? ఆ చట్టం మనకు అక్కరకు రావాలంటే మనం ఏం చెయ్యాలి? ఇదీ విషయం.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. అన్నాచెల్లెళ్ళు ఇద్దరు భోజనానికి కూర్చున్నారు. అమ్మ అన్న కంచంలో రెండు గుడ్లు వేసింది. చెల్లెలి కంచంలో ఒకటే వేసింది. పిల్ల అడిగింది. "అమ్మా, వాడికి రెండు, నాకు ఒకటేనా?" అమ్మకు కోపం వచ్చింది. "నన్నే అడిగేంతదానివయ్యావా? రేపటి నుంచి నీకు ఆ ఒక్కటీ లేదు పో" అంది.

ఇప్పుడు చెప్పండి. ఇక్కడ ఎన్ని తప్పులు జరిగాయి? ఒకటి కాదు. రెండు. పిల్లకు తక్కువ పెట్టడం మొదటిది. అడిగినందుకు ఉన్నది కూడా తీసెయ్యడం రెండోది.

ఇంకో మాట కూడా చూడండి. అన్నకు మొన్నటిదాకా టైఫాయిడ్. నీరసంగా ఉన్నాడని రెండు గుడ్లు పెట్టమన్నారు డాక్టరు. పిల్లకు ఆ సంగతి తెలియదు. తెలియకే అడిగింది. అలాగైతే మొదటిది తప్పు కాదు. మరి రెండోది? అడిగినందుకు పిల్ల కంచంలో గుడ్డు తీసెయ్యడం? అది అప్పుడూ తప్పే.

ఈ ఒక్క ముక్క మనసులో ఉంచుకోండి. మొదటిదాన్ని వివక్ష అంటాం. రెండోదాన్ని చట్టం రాసేవాళ్ళు ప్రతీకార చర్య అంటారు. మన ఆఫీసుల్లో, మిల్లుల్లో కక్షసాధింపు అంటారు. మొదటిది రుజువు కాకపోయినా రెండోది తప్పుగానే మిగులుతుంది. రెంటినీ కలిపెయ్యకండి.

ఈ విషయం మాట్లాడాలని నాకు ఎందుకనిపించిందో చెప్తాను. మా పెద్దక్క ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేసేది. ఆ బడి పేరు ఇక్కడ అనవసరం. అదే పాఠం చెప్పే మగ టీచర్లకు తనకన్నా 500 రూపాయలు ఎక్కువ ఇస్తున్నారని ఒకనాడు తెలిసింది. వెళ్ళి అడిగింది. గొడవ చెయ్యలేదు, అడిగిందంతే. తరువాత టైంటేబుల్ మారింది. పొద్దున మొదటి పీరియడు నుంచి సాయంత్రం ఆఖరి పీరియడు దాకా మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీ లేదు. స్టాఫ్ రూములో తన కుర్చీ కిటికీ దగ్గర నుంచి నీళ్ళ కుండ పక్కకు వచ్చింది. పదో తరగతి తీసేసి రెండో తరగతి ఇచ్చారు. జీతం మాత్రం ఒక్క పైసా తగ్గించలేదు. "నీకేం అన్యాయం జరిగిందమ్మా?" అని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. ఏడాది తిరక్కుండా అక్క మానేసింది.

దీన్నే మన తెలుగులో పొమ్మనకుండా పొగబెట్టడం అంటాం. పొమ్మని కాగితం ఇస్తే కోర్టుకు వెళ్ళొచ్చు. పొగకు కాగితం ఉండదు. అందుకే కక్షసాధింపు ఎక్కువగా పొగ రూపంలోనే వస్తుంది. వారం సెలవు మారుస్తారు. షిఫ్టు మారుస్తారు. మీటింగుకు పిలవడం మానేస్తారు. నిన్నటిదాకా పలకరించినవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఓవర్‌టైం అందరికీ ఉంటుంది, మనకు ఉండదు.

జీతం తగ్గకపోతే నష్టం లేదా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరికిన కేసు ఒకటి అమెరికాలో ఉంది. మన పిల్లలు ఎందరో అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి వాళ్ళకూ పనికొస్తుంది. చెప్తాను.

మెంఫిస్ అనే ఊళ్ళో ఒక రైల్వే యార్డు. 1997లో షీలా వైట్ అనే ఆమె అక్కడ పనిలో చేరింది. ఆ విభాగంలో ఆమె ఒక్కతే ఆడమనిషి. సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేది. ఆడవాళ్ళు ఈ పనికి పనికిరారని మేస్త్రీ మాటిమాటికీ అంటుంటే ఆమె పైవాళ్ళకు ఫిర్యాదు చేసింది. కంపెనీ విచారించింది. మేస్త్రీని పది రోజులు సస్పెండ్ చేసింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే సమయంలో ఆమెను బండి మీద నుంచి దించేశారు. పట్టాల దగ్గర బరువులు మోసే పనికి పంపారు. జీతం అదే. ఉద్యోగం పేరూ అదే. తరువాత అవిధేయత అని చెప్పి జీతం లేకుండా ఇంటికి పంపారు. 37 రోజులు. సరిగ్గా క్రిస్మస్ పండుగ రోజులు. చివరికి ఆమె తప్పు లేదని కంపెనీయే తేల్చి, ఆపిన జీతం ఇచ్చేసింది. ఇచ్చేశాం కదా, ఇంకేం నష్టం అని కోర్టులో వాదించింది.

2006లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. జీతం తగ్గిందా లేదా అన్నది కాదు చూడాల్సింది. యజమాని చేసిన పని చూశాక, మామూలు మనిషి ఎవరైనా ఫిర్యాదు చెయ్యడానికి వెనకాడతారా? అది చూడాలి అంది. ఒక ఉదాహరణ కూడా ఇచ్చింది. పని వేళలు మార్చడం చాలామందికి చిన్న విషయం. బడికెళ్ళే పిల్లలున్న తల్లికి అది చిన్న విషయం కాదు. ఈ మాట రాసిన న్యాయమూర్తికి ఇంటి సంగతులు తెలుసు అనిపిస్తుంది నాకు.

అక్కడ 1964 నాటి పౌరహక్కుల చట్టంలోనే ఇందుకు విడిగా ఒక సెక్షన్ ఉంది. వివక్ష మీద ఫిర్యాదు చేసినవాళ్ళ మీద, అందులో సాక్ష్యం చెప్పినవాళ్ళ మీద కక్ష తీర్చుకోకూడదని అందులో స్పష్టంగా రాశారు. అయితే గడువు తక్కువ. 180 రోజుల్లో ఫిర్యాదు నమోదు చెయ్యాలి. చాలా రాష్ట్రాల్లో 300 రోజులు. అక్కడున్న మీ పిల్లలకు ఈ ముక్క చెప్పండి.

ఇక మన దేశం. మన దగ్గర అన్ని రకాల వివక్షకూ కలిపి ఇలాంటి ఒకే సెక్షన్ లేదు. ఉన్న రక్షణ నాలుగైదు చట్టాల్లో చెదిరి ఉంది. ఇది మన లోటు. ఈ లోటు పూడ్చాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఉన్నది కూడా తక్కువేం కాదు. తెలిసి వాడుకుంటే చాలా ఉంది.

మొదట ఆడవాళ్ళ మీద పని చోట జరిగే లైంగిక వేధింపుల సంగతి. ఇది కూడా వివక్షే అని మన సుప్రీంకోర్టు 1997 ఆగస్టులో విశాఖ కేసులో చెప్పింది. విశాఖ అంటే మన ఊరు కాదు, కేసు వేసిన మహిళా సంస్థ పేరు. ఆ కేసు వెనక ఉన్నది రాజస్థాన్‌లో భటేరీ గ్రామానికి చెందిన భన్వరీదేవి. ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ కార్యకర్తగా పనిచేసేది. పసిపిల్లకు పెళ్ళి చేస్తుంటే ఆపబోయింది. అది ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. అదీ కక్షే.

ఆ తీర్పులో కోర్టు కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో ఒకటి మన విషయానికి ప్రాణం లాంటిది. ఫిర్యాదు చేసిన మనిషిని గానీ, సాక్షిని గానీ బాధ పెట్టకుండా, వివక్ష చూపకుండా చూడాలి అంది. సాక్షిని కూడా అన్న మాట గమనించండి. చూసినవాళ్ళు నోరు విప్పకపోవడానికి కారణం భయమే కదా. బదిలీ కావాలంటే అది బాధితురాలు కోరుకోవాలి అని కూడా అంది. తనకైనా సరే, వేధించినవాడికైనా సరే.

ఆ మార్గదర్శకాలే 2013లో చట్టమయ్యాయి. ఈ చట్టంలో కక్షసాధింపు అనే పేరుతో విడిగా సెక్షన్ పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది. కానీ అందులో ఉన్న కొన్ని మాటలు అదే పని చేస్తాయి. లైంగిక ఒత్తిడితో ముడిపెట్టి 'నీ ఉద్యోగం సంగతి చూస్తా' అని బెదిరించడం, సూచనగా అన్నా సరే, అది కూడా వేధింపు కిందికే వస్తుంది. విచారణ జరుగుతుండగా ఆమె రాతపూర్వకంగా అడిగితే, ఆమెను గానీ అతన్ని గానీ వేరే చోటికి మార్చమని ఫిర్యాదును విచారించే కమిటీ సిఫారసు చెయ్యొచ్చు. మూడు నెలల దాకా సెలవు ఇప్పించొచ్చు. ఆ సెలవు ఆమెకు మామూలుగా ఉండే సెలవుల్లోంచి తగ్గించరు. ఇంకొకటి ఉంది. ఇది చాలామందికి తెలియదు. ఎవరి మీద ఫిర్యాదు చేశామో అతనే మన పనితీరు మీద రిపోర్టు రాసే అధికారి అయితే? ఆ రిపోర్టు అతను రాయకుండా ఆపి, వేరే అధికారికి అప్పగించమని కమిటీ చెప్పొచ్చు. అడగండి. అడగకపోతే ఇవ్వరు.

బదిలీ దగ్గర కాస్త ఆగుదాం. ఆమె అడిగితే బదిలీ ఉపశమనం. అడగకుండా నెత్తిన పడేస్తే అదే బదిలీ శిక్ష. మందు ఒకటే. రోగి చేతికిస్తే మందు, బలవంతంగా గొంతులో పోస్తే విషం. మన దేశంలో కక్షసాధింపు ఎక్కువగా తొడుక్కునే వేషం ఈ బదిలీయే.

దీని మీద మన సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 25న ఇచ్చిన తీర్పు ఉంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసు అంటారు. ఆ అధికారిణి పేరు తీర్పులో ఉంది. అయినా నేను చెప్పను. ఇలాంటి ఫిర్యాదుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్నది 2013 చట్టం పెట్టిన నియమం. ఆ నియమంలోని మర్యాద నాకు నచ్చుతుంది.

ఆమె ఇండోరులో చీఫ్ మేనేజరు. మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అవకతవకలు ఉన్నాయని పైవాళ్ళకు పదేపదే రాసింది. జోనల్ మేనేజరు మీద లైంగిక వేధింపుల ఆరోపణ కూడా ఆ కేసులో ఉంది. 2017 డిసెంబరులో ఆమెను బదిలీ చేశారు. ఎక్కడికి? జబల్‌పూర్ జిల్లాలో సర్సావా అనే చిన్న బ్రాంచికి. ఆమెది నాలుగో స్కేలు. ఆ బ్రాంచి ఒకటో స్కేలు అధికారి ఉండాల్సిన చోటు. కలెక్టరును తీసుకెళ్ళి ఎమ్మార్వో కుర్చీలో కూర్చోబెట్టినట్టు.

బ్యాంకు ఏమంది? బదిలీ ఉద్యోగంలో భాగం, ఫలానా చోటే ఉంటానని ఎవరూ పట్టుబట్టలేరు అంది. అది నిజమే. కోర్టులు మామూలుగా బదిలీల జోలికి వెళ్ళవు. కానీ ఇక్కడ కోర్టు తేదీలు చూసింది. ఆమె ఎప్పుడెప్పుడు ఏమేం రాసింది, బదిలీ ఎప్పుడు వచ్చింది, ఏ స్థాయి మనిషిని ఏ స్థాయి చోటికి పంపారు అన్నవి వరసగా పెట్టి చూసింది. ఆమెను కక్షతో పీడించారని తేల్చింది. విచారణ కమిటీలో బయటి సభ్యురాలిగా ఉండాల్సిన మనిషి బ్యాంకు ప్యానెల్ న్యాయవాదే అయిందన్న సంగతి కూడా ఎత్తిచూపింది. బయటి మనిషి అంటే యాజమాన్యం దగ్గర ఫీజు తీసుకునే మనిషి కాకూడదు కదా. బదిలీ రద్దయింది. తిరిగి ఇండోరులోనే వేయమని, ఆమెకు ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇమ్మని కోర్టు ఆదేశించింది.

ఈ కేసులో ఆమెను గెలిపించింది ఏమిటి? ఆమె రాసిన ఉత్తరాలు. వాటి మీదున్న తేదీలు. పాలవాడికి చూపించిన క్యాలెండరే మళ్ళీ.

ఇప్పుడు గుడ్ల కథకు వద్దాం. అన్నకు టైఫాయిడ్ అని తెలియక పిల్ల అడిగింది కదా. 2013 చట్టం 14వ సెక్షన్‌లో ఆ పిల్లకు రక్షణ ఉంది. ఫిర్యాదును రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన ఆమె మీద చర్య తీసుకోకూడదు. తెలిసి తెలిసి అబద్ధం చెప్పిందని, దురుద్దేశంతో చెప్పిందని విడిగా విచారణలో తేలితేనే చర్య. రుజువు కాని ఫిర్యాదు వేరు. అబద్ధపు ఫిర్యాదు వేరు. ఈ తేడాను యజమానులు కావాలనే కలిపేస్తుంటారు. "రుజువు చెయ్యలేకపోతే నీ ఉద్యోగం పోతుంది" అని ముందే భయపెడతారు. ఆ మాట తప్పు. మళ్ళీ చెప్తున్నాను. రుజువు కాకపోవడం నేరం కాదు.

ఫ్యాక్టరీల్లో, గనుల్లో, డిపోల్లో పనిచేసేవాళ్ళకు ఇంకో రక్షణ ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో యజమాని చెయ్యకూడని పనుల జాబితా ఒకటి ఉండేది. కక్షతో పనిలోంచి తీసెయ్యడం అందులో ఉంది. యాజమాన్య విధానం అనే ముసుగు వేసి దురుద్దేశంతో బదిలీ చెయ్యడం ఉంది. వివాదం విచారణలో యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన కార్మికుణ్ణి వేరుగా చూడడం కూడా ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. జాబితా మాత్రం పోలేదు, కోడ్‌లోకి వచ్చింది. అయితే బడిలో పాఠం చెప్పేవాళ్ళు ఈ చట్టం లెక్కలో కార్మికులు కారని 1988లోనే సుప్రీంకోర్టు అంది. మా అక్కకు ఈ గొడుగు లేదన్నమాట. చెదిరిన చట్టాలతో వచ్చే చిక్కు ఇదే. ఒకరి మీద గొడుగు ఉంటుంది, పక్కన నడిచేవాళ్ళు తడుస్తారు.

కులం పేరు ఎత్తకుండా తెలుగునాట ఈ ప్రసంగం పూర్తి కాదు. అడిగినందుకు కక్ష అనేది ఎంతదాకా పోతుందో మనం కళ్ళారా చూశాం. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగే నీళ్ళను పాడుచెయ్యొద్దని దళితులు అడ్డు చెప్పారు. మర్నాడు వాళ్ళ పేట మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. తరువాత 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలవుతోంది. అందులో 15ఎ సెక్షన్ చేర్చారు. బాధితులకు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళకు, సాక్షులకు బెదిరింపుల నుంచి, ప్రలోభాల నుంచి, హింస నుంచి రక్షణ కల్పించడం ప్రభుత్వం బాధ్యత అని ఆ సెక్షన్ చెబుతుంది. ఊళ్ళో కూలికి పిలవకుండా, కొట్లో సరుకు ఇవ్వకుండా చేసే వెలి కూడా ఈ చట్టం కింద నేరమే.

సరే, చట్టాలు చెప్పుకున్నాం. ఇప్పుడు మనం చెయ్యాల్సింది. దీనికే నేను ఇంతసేపూ క్యాలెండరు, క్యాలెండరు అన్నాను.

ఒక బట్టల షోరూము అనుకోండి. ఒక అమ్మాయి పట్టుచీరల కౌంటరులో పనిచేస్తోంది. అదే కౌంటరులో అబ్బాయిలకు అమ్మిన చీరకు కమిషన్ ఇస్తున్నారు. అమ్మాయిలకు ఇవ్వడం లేదు. ఆమె అడగాలనుకుంది. నోటితో అడిగితే గాలికి పోతుంది. కాగితం మీద నాలుగు ముక్కలు రాయాలి. ఫలానా పని మేమూ చేస్తున్నాం, మాకు కమిషన్ ఎందుకు లేదు, దయచేసి చెప్పండి. కింద సంతకం, తేదీ. రెండు కాపీలు. ఒకటి మేనేజరుకిచ్చి, రెండో దాని మీద 'ముట్టింది' అని సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. వాట్సాప్‌లో పంపినా సరే, దాన్ని చెరపకుండా ఉంచుకోవాలి.

ఆ రోజు 12వ తేదీ. ఇంటికి వెళ్ళి క్యాలెండరులో రాసుకుంది. 'రాసిచ్చాను.' 15వ తేదీన పట్టుచీరల కౌంటరు నుంచి తీసి గోడౌనులో మడతలు వేసే పనికి పంపారు. రాసుకుంది. ఎవరు చెప్పారు, ఏమన్నారు, పక్కన ఎవరున్నారు. అన్నది అన్నట్టే, తన కోపం కలపకుండా రాసుకుంది. 22న వారం సెలవు ఆదివారం నుంచి బుధవారానికి మార్చారు. రాసుకుంది. 30న "ఈమధ్య నీ పని బాగుండడం లేదు" అన్నారు. అదీ రాసుకుంది. ఆ రాత్రి బీరువాలో, ఫోనులో వెతికింది. దసరా అమ్మకాల్లో బాగా చేసిందని అదే మేనేజరు పంపిన మెసేజీ ఫోనులో ఉంది. మొన్న ఉగాదికి పెంచిన జీతం కాగితం ఉంది. వాటినీ పక్కన పెట్టింది.

ఇప్పుడు చూడండి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నది. గోడౌనుకు మార్చడం ఏమంత? సెలవు రోజు మార్చడం ఏమంత? కానీ ఒకే కాగితం మీద వరసగా పెడితే కథ దానంతట అదే చెప్పుకుంటుంది. 12కు ముందు ఎలా ఉంది? 12 తరువాత ఎలా ఉంది? అడిగేవాళ్ళు ఎవరైనా, అది కమిటీ కానివ్వండి, లేబర్ ఆఫీసరు కానివ్వండి, జడ్జి కానివ్వండి, వాళ్ళ మొదటి ప్రశ్న ఇదే. అడిగింది ఏ రోజు? మారింది ఏ రోజు?

తేదీలు దగ్గరగా ఉన్నంత మాత్రాన అన్నీ తేలిపోవు. యజమాని తన కారణం తను చెబుతాడు. ఆ కారణం నిజమా, వంకా అని తేల్చేది ముందటి కాగితాలు. అందుకే మెచ్చుకున్న కాగితం కూడా దాచమంటున్నాను. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫిర్యాదు చేశాం కదా, ఇక మనల్ని ఎవరూ ఏమీ అనలేరని పనికి ఆలస్యంగా వెళ్ళకండి. చట్టం ఫిర్యాదుకు రక్షణ ఇస్తుంది గానీ నిర్లక్ష్యానికి ఇవ్వదు. ఫిర్యాదు చేశాక మరింత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యాలి. అలాగే మీ కాగితాలే దాచుకోండి. ఆఫీసు రహస్య పత్రాల జోలికి వెళ్ళకండి. దాంతో వాళ్ళ చేతికి మీరే కర్ర ఇచ్చినట్టవుతుంది.

లైంగిక వేధింపుల ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా తక్కువ మంది ఉన్నా, యజమాని మీదే ఫిర్యాదైనా, జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు కూడా ఆ కమిటీకి వెళ్ళొచ్చు. చదువు రాదని ఆగిపోకండి. ఫిర్యాదు రాయడానికి సాయం చెయ్యడం కమిటీ విధి అని చట్టంలోనే ఉంది.

వకీలుకు డబ్బెక్కడిది అంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. మీ ఆదాయం ఎంత అని కూడా అడగరు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు చెప్తాను, కాగితం తీసుకోండి. 15100. మరోసారి. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. ఆడవాళ్ళకు 181 కూడా ఉంది.

సాక్షులుగా ఉన్నవాళ్ళకు ఒక్క మాట. మీ పక్క కుర్చీ మనిషిని సతాయించడం మీరు చూస్తే, కనీసం ఆ తేదీ మీ క్యాలెండరులో కూడా రాసిపెట్టండి. ఇద్దరి క్యాలెండర్లలో ఒకే తేదీ ఉంటే దాన్ని కాదనడం కష్టం.

మా అక్కకు ఇప్పుడు అరవై దాటాయి. ఈ ప్రసంగం రాస్తున్నానని మొన్న ఫోనులో చెప్పాను. "అక్కా, నువ్వు జీతం సంగతి అడిగింది ఎప్పుడు?" అన్నాను. "దసరా సెలవుల తరువాత అనుకుంటానురా" అంది. కాసేపు ఆగింది. "కాదు, సంక్రాంతి అయ్యాకేమో" అంది. ఇంకాసేపు ఆగి, "టైంటేబుల్ మారింది మాత్రం నేను అడిగిన తరువాతే. అది నాకు బాగా గుర్తు" అంది.